ప్రింటర్‌లో వైఫై లైట్ వెలుగుతోంది, లాప్‌టాప్ మాత్రం ఆఫ్‌లైన్ అంటోంది – నల్లగొండ నుంచి, దయచేసి సాయం చేయండి

రామగిరి టీచరమ్మ, నల్లగొండ | శుక్రవారం రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఇంట్లోనే తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు, సైన్స్ ట్యూషన్ చెప్తాను. 24 మంది ఉన్నారు. వారానికి రెండు టెస్టులు, ఒక్కో పేపర్ నాలుగు పేజీలు. బయట జిరాక్స్ తీయించే ఖర్చు భరించలేక ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కొన్నాను. కేబుల్‌తో ఉన్నన్నాళ్లు బాగానే పని చేసింది. రెండు నెలల కింద కొత్త ఫైబర్ కనెక్షన్ తీసుకుని ప్రింటర్‌ని వైఫైకి కలిపాం. అప్పటి నుంచి మొదలయ్యాయి కష్టాలు.

ప్రింటర్ మీద వైఫై లైట్ ఆగకుండా వెలుగుతూనే ఉంటుంది. లాప్‌టాప్‌లో మాత్రం 'ఆఫ్‌లైన్'. ఒక్కోరోజు పొద్దున దానంతట అదే పని చేస్తుంది, సాయంత్రానికి మళ్లీ ఆఫ్‌లైన్. ఫోన్ నుంచి పంపితే ఒకసారి వస్తుంది, పది నిమిషాలాగి పంపితే రాదు. సర్వీస్ సెంటర్ నుంచి ఒకతను వచ్చి అన్నీ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాడు, 600 తీసుకున్నాడు. ఆయన ముందు బ్రహ్మాండంగా ప్రింట్ వచ్చింది. మర్నాడు మళ్లీ అదే కథ. ఫోన్ చేస్తే బోర్డు పోయి ఉంటుంది, కొత్తది కొనుక్కోండి మేడమ్ అన్నారు. పిల్లలకు ప్రీ ఫైనల్స్ దగ్గరపడ్డాయి. నిన్న రాత్రి పదకొండింటి దాకా దీని ముందే కూర్చున్నాను. నాకు మస్తు టెన్షన్‌గా ఉంది. నిజంగా కొత్తది కొనాల్సిందేనా?

పిల్లలమర్రి తమ్ముడు, మహబూబ్‌నగర్ | శుక్రవారం రాత్రి 9:41

మేడమ్, కొనకండి. ఇంట్లో వాడే ప్రింటర్లలో చాలా వాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే తెలుసు. కొత్త ఫైబర్ డబ్బాలు 2.4, 5 రెండూ ఇస్తాయి. లాప్‌టాప్, ఫోన్ 5 మీద, ప్రింటర్ 2.4 మీద ఉండి ఉంటాయి. రౌటర్‌లో 5 ఆపేసి చూడండి.

జడ్చర్ల ఫైబర్ | శుక్రవారం రాత్రి 10:05

తమ్ముడూ, సగం సరిగ్గానే చెప్పావు. కలపడం వరకు ఆ మాట నిజం. ప్రింటర్‌కి 5 గిగాహెర్ట్జ్ అసలు కనబడదు కాబట్టి దాన్ని 2.4 పేరుతోనే కలపాలి. కానీ ఒకసారి కలిశాక లాప్‌టాప్ 5 మీద, ప్రింటర్ 2.4 మీద ఉన్నా నష్టం లేదు. రెండూ ఒకే డబ్బావి అయితే లోపల ఒకటే నెట్‌వర్క్. పేజీ అటు నుంచి ఇటు వెళ్తుంది. 5 ఆపేస్తే మేడమ్ గారికి ఆన్‌లైన్ క్లాసుల స్పీడ్ తగ్గుతుంది తప్ప ఆఫ్‌లైన్ బాధ తీరదు.

ఇంకొకటి చూడండి మేడమ్. డబ్బాలో సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే పాత ప్రింటర్లు కలవవు. అది 2018లో వచ్చింది, అంతకు ముందు తయారైన ప్రింటర్లకు డబ్ల్యూపీఏ2 వరకే తెలుసు. డబ్ల్యూపీఏ2 లేదా రెండూ కలిపిన మిక్స్‌డ్ మోడ్‌లో ఉంచండి. మీకు లైట్ ఆగకుండా వెలుగుతోందంటున్నారు కాబట్టి పాస్‌వర్డ్ దాటి లోపలికి వచ్చేసిందనే అర్థం. మిణుకుమిణుకుమంటే ఇంకా వెతుకుతోందని.

వనపర్తి రిటైర్డ్ సార్ | శుక్రవారం రాత్రి 10:30

అమ్మా, మాది పాత రాతి ఇల్లు, రెండడుగుల మందం గోడలు. రౌటర్ వెనక గదిలో ఉంటే ప్రింటర్ దాకా సిగ్నల్ వచ్చేదే కాదు. రౌటర్‌ని నడవలోకి, తలుపు ఎదురుగా మార్చాక సుఖపడ్డాను. మీ డబ్బా ఎక్కడ పెట్టారో కూడా చూసుకోండి.

మిర్యాలగూడ జిరాక్స్ అన్న | శుక్రవారం రాత్రి 11:02

టీచరమ్మ గారూ, ఒక్క నిమిషం అన్నీ ఆపేయండి. డ్రైవర్ తీయొద్దు, పాస్‌వర్డ్ మార్చొద్దు. మా షాపులో ఎనిమిది ప్రింటర్లు నెట్‌వర్క్ మీద నడుస్తాయి. ఏది మొండికేసినా నేను ముందు లాప్‌టాప్‌ని అడగను, ప్రింటర్‌నే అడుగుతాను. లాప్‌టాప్ చెప్పేది దాని ఊహ మాత్రమే. ప్రింటర్ తాను ఎక్కడుందో కాగితం మీద రాసి ఇస్తుంది.

దాన్ని నెట్‌వర్క్ పేజీ అంటారు. కొన్ని మోడళ్లలో 'ఐ' గుర్తున్న బటన్ నొక్కితే వస్తుంది. కొన్నింటికి 'ఐ' బటన్, వైర్‌లెస్ బటన్ రెండూ కలిపి నొక్కాలి. చిన్న స్క్రీన్ ఉంటే సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ దగ్గర స్టేటస్ షీట్ అని ఉంటుంది. అది ప్రింట్ తీసి మూడు విషయాలు ఇక్కడ రాయండి: ఏ వైఫై పేరుకి కలిసింది, ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దానికి దొరికిన నంబర్) ఎంత, సిగ్నల్ ఎలా ఉంది.

తర్వాత లాప్‌టాప్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్, వైఫై, ప్రాపర్టీస్‌లోకి వెళ్తే కింద ఐపీవీ4 అడ్రస్ అని ఉంటుంది. అదీ రాయండి. ఈ రెండు నంబర్లు పక్కపక్కన పెడితే రోగం దొరుకుతుంది.

దేవరకొండ డిగ్రీ స్టూడెంట్ | శనివారం ఉదయం 7:15

అన్నా, మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. నేనూ మా ఇంట్లో ఆ పేజీ తీశాను. ఐపీ 169.254తో మొదలైంది. అదేమిటి?

మిర్యాలగూడ జిరాక్స్ అన్న | శనివారం ఉదయం 7:48

తమ్మీ, నీ ప్రింటర్‌కి రౌటర్ నంబర్ ఇవ్వలేదని దాని అర్థం. అడిగి అడిగి, జవాబు రాక, తనకు తానే ఒక నంబర్ పెట్టుకుంది. ఆ నంబర్‌తో రౌటర్ ఇచ్చిన నంబర్లున్న ఫోన్లు మాట్లాడలేవు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఇది ఎక్కువ. ప్రింటర్ అర నిమిషంలో లేస్తుంది, రౌటర్ లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ప్రింటర్ ఆపి, రౌటర్ లైట్లన్నీ నిలకడగా వచ్చాక ఆన్ చెయ్యి. 192.168 లేదా 10తో మొదలయ్యే నంబర్ వస్తే సరైనట్టే.

రామగిరి టీచరమ్మ, నల్లగొండ | శనివారం ఉదయం 8:30

అన్నా, పేజీ తీశాను. వైఫై పేరు మాదే, సరిగ్గానే ఉంది. సిగ్నల్ ఎక్సలెంట్ అని రాసి ఉంది. ఐపీ అడ్రస్ 192.168.0.104.

లాప్‌టాప్‌లో చూస్తే 192.168.1.37.

రెండూ 192.168తోనే మొదలయ్యాయి కదా, మరి తేడా ఎక్కడ?

మిర్యాలగూడ జిరాక్స్ అన్న | శనివారం ఉదయం 8:44

దొరికిందమ్మా. మూడో అంకె చూడండి. ప్రింటర్‌ది సున్నా, లాప్‌టాప్‌ది ఒకటి. ఇళ్లల్లో ఉండే రౌటర్లకు మొదటి మూడు అంకెలూ వీధి పేరు లాంటివి, చివరిది ఇంటి నంబర్. మీ ప్రింటర్ ఒక వీధిలో, లాప్‌టాప్ ఇంకో వీధిలో ఉన్నాయి. ఈ వీధిలో పిలిస్తే ఆ వీధిలో వినపడదు. అంటే మీ ఇంట్లో నంబర్లు పంచే డబ్బాలు రెండున్నాయి. ఫైబర్ డబ్బా కాకుండా ఇంకో రౌటర్ ఏదైనా నడుస్తోందా?

రామగిరి టీచరమ్మ, నల్లగొండ | శనివారం ఉదయం 9:10

అయ్యో, ఉంది. మేడ మీద గదిలో పాత రౌటర్ ఉంది. మా అబ్బాయి హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉంటాడు. పైన సిగ్నల్ రావట్లేదని సెలవులకు వచ్చినప్పుడు కింద డబ్బా నుంచి కేబుల్ లాగి దానికి పెట్టాడు. మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ కొట్టక్కర్లేకుండా కింద దానికీ పైన దానికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టాడు. అందుకే నాకు ఎప్పుడు చూసినా మా వైఫై పేరే కనిపించేది.

ఫోన్ నుంచి ఒకసారి వచ్చి ఒకసారి రాదన్నాను కదా. ఇప్పుడు గుర్తొస్తోంది. ప్రింట్ వచ్చినప్పుడల్లా నేను బట్టలు ఆరేయడానికి పైన ఉన్నాను. ఫోన్ నుంచి నొక్కి కిందికి దిగి వచ్చేసరికి కాగితం రెడీగా ఉండేది.

మిర్యాలగూడ జిరాక్స్ అన్న | శనివారం ఉదయం 9:22

అంతేనమ్మా. పైన ఉన్నప్పుడు ఫోన్ పై రౌటర్‌కి కలిసేది, ప్రింటర్ కూడా దానికే ఉంది కాబట్టి కాగితం వచ్చేది. కిందికి దిగగానే ఫోన్ ఫైబర్ డబ్బాకి మారిపోయేది. పేరు ఒకటే కాబట్టి మారినట్టు మీకు తెలియదు.

పైన రౌటర్ స్విచ్ మీరు అప్పుడప్పుడు ఆపేస్తారా?

రామగిరి టీచరమ్మ, నల్లగొండ | శనివారం ఉదయం 9:40

అవును. మా అమ్మాయి రాత్రి చదువుకుని పడుకునేటప్పుడు ఒక్కోరోజు ఆపేస్తుంది. ఆపితే మళ్లీ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాకే వేస్తుంది. సర్వీస్ అతను వచ్చింది మధ్యాహ్నం పన్నెండింటికి. అప్పుడు పై రౌటర్ ఆగే ఉంది! అందుకే ఆయన ముందు పని చేసింది. ఆయన్ని అనవసరంగా తిట్టుకున్నాను.

జడ్చర్ల ఫైబర్ | శనివారం ఉదయం 10:15

మేడమ్, ఇది మా పనిలో రోజూ చూసేదే. పై రౌటర్ ఆపి ఉన్నప్పుడు ప్రింటర్‌కి దొరికేది ఫైబర్ డబ్బా ఒక్కటే. సాయంత్రం పై రౌటర్ ఆన్ అయ్యాక, కరెంటు పోయి వచ్చినా, ప్రింటర్ ఆపి మళ్లీ వేసినా, ఎవరి సిగ్నల్ బలంగా ఉంటే దాన్ని పట్టుకుంటుంది. ఫైబర్ డబ్బా మీ ఇంట్లో ఎక్కడుంది?

రామగిరి టీచరమ్మ, నల్లగొండ | శనివారం ఉదయం 10:28

బెడ్‌రూమ్‌లో, ఇనుప బీరువా పక్కన గోడకి. ప్రింటర్ ముందు గదిలో, మెట్ల కింద. పై రౌటర్ సరిగ్గా మెట్ల పైన.

జడ్చర్ల ఫైబర్ | శనివారం ఉదయం 10:40

బీరువా ఇనుప గోడ లాంటిది, సిగ్నల్‌ని అటు పోనివ్వదు. మెట్ల దారి ఖాళీ కాబట్టి పైది నేరుగా ప్రింటర్ మీద పడుతోంది. కింద ప్రింటర్ పక్కగదిలో ఉన్న డబ్బాని వదిలేసి పై అంతస్తు దాన్ని పట్టుకోవడానికి కారణం ఇదే. నీళ్ల ట్యాంకు, ఫ్రిజ్, అద్దం ఉన్న బీరువా, వీటి పక్కన రౌటర్ పెట్టకూడదని ఫిట్టింగ్‌కి వెళ్లిన ప్రతి ఇంట్లో చెప్తాను. అయినా ప్లగ్ అక్కడే ఉంది కదా అంటారు. మీరు కేబుల్ అబ్బాయిని పిలిచి వైరు రెండు మీటర్లు పెంచించి, హాల్లో తలెత్తుకి కొంచెం పైన పెట్టించండి. ఫైబర్ వైరు గాజు తీగ, మీరు సొంతంగా లాగి మడవకండి.

గద్వాల చీరల అక్క | శనివారం ఉదయం 11:05

నాదీ ఇలాంటిదే అనుకుని చదువుతున్నాను. మేం ఇంటి నుంచే గద్వాల చీరలు పార్సిల్ పంపుతాం. అడ్రస్ స్లిప్పులు ఫోన్ నుంచే ప్రింట్ తీస్తాను. పోయిన వారం నుంచి నా ఫోన్‌లో ప్రింటర్ కనపడట్లేదు, మా ఆయన ఫోన్‌లో కనపడుతోంది. ఇంట్లో రౌటర్ ఒక్కటే. అన్నలు చెప్పినట్టు పేజీ తీశాను, రెండు ఫోన్ల నంబర్లూ చూశాను. నా ఫోన్‌ది వేరేగా ఉంది.

పిల్లలమర్రి తమ్ముడు, మహబూబ్‌నగర్ | శనివారం ఉదయం 11:20

అక్కా, వైఫై పేరు చివర గెస్ట్ అని ఉందా?

గద్వాల చీరల అక్క | శనివారం ఉదయం 11:31

ఉంది తమ్ముడూ! చీరలు చూడ్డానికి వచ్చిన వాళ్లకు ఇద్దామని పెట్టించాం. నా ఫోన్ కూడా దానికే ఉంది.

పిల్లలమర్రి తమ్ముడు, మహబూబ్‌నగర్ | శనివారం ఉదయం 11:36

గెస్ట్ వైఫై ఉన్నదే అందుకక్కా. వచ్చినవాళ్లకు ఇంటర్నెట్ ఇస్తుంది, మీ ఇంటి సామాన్లు కనపడనివ్వదు. గెస్ట్‌ని 'ఫర్గెట్' కొట్టి మెయిన్ పేరుకి మారండి, వెంటనే వస్తుంది. ఫోన్ ప్రింట్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ ప్రింట్ సర్వీస్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. వీపీఎన్ యాప్ ఏదైనా నడుస్తుంటే ఆపండి, అది కూడా ప్రింటర్‌ని దాచేస్తుంది.

గద్వాల చీరల అక్క | శనివారం ఉదయం 11:52

వచ్చింది. ఇప్పుడే ఆరు స్లిప్పులు తీశాను. చల్లగా ఉండు తమ్ముడూ.

మిర్యాలగూడ జిరాక్స్ అన్న | శనివారం మధ్యాహ్నం 2:10

షాపులో రద్దీ తగ్గాక రాస్తున్నాను. టీచరమ్మ గారూ, ఇప్పుడు మందు. పై రౌటర్ తీసేయనక్కర్లేదు, అమ్మాయికి కావాలి కదా. అది నంబర్లు పంచడం మానేసి సిగ్నల్ మాత్రమే ఇవ్వాలి. దాన్నే యాక్సెస్ పాయింట్ అంటారు.

ముందు కింద నుంచి వచ్చే కేబుల్‌ని పై రౌటర్ నుంచి పీకేయండి. ఇది మరిచిపోవద్దు, లేకపోతే మధ్యలో రెండూ ఒకే వీధి నంబర్లతో కొట్టుకుంటాయి. లాప్‌టాప్‌ని పైకి తీసుకెళ్లి దానికి కలిపి, బ్రౌజర్‌లో 192.168.0.1 కొట్టండి. లాగిన్ పాస్‌వర్డ్ మీ అబ్బాయిని అడగండి. లోపల ఆపరేషన్ మోడ్ అని ఉంటే అందులో యాక్సెస్ పాయింట్ ఎంచుకుని సేవ్ చేసి, కేబుల్ మళ్లీ పెట్టేయండి. పని అయిపోయినట్టే.

అది లేని పాత మోడల్ అయితే, ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) సెట్టింగ్స్‌లో దాని సొంత నంబర్‌ని 192.168.1.2 చేయండి. అది తిరిగి లేచాక ఆ కొత్త నంబర్‌తోనే బ్రౌజర్‌లో తెరిచి, డీహెచ్‌సీపీ అన్నదాన్ని, అంటే నంబర్లు పంచే పనిని, డిజేబుల్ చేయండి. ఆఖరున కింద కేబుల్‌ని రంగు వేరుగా ఉండే వ్యాన్ (బయటి నెట్ కోసం ఉండే) రంధ్రంలో కాకుండా, మిగతా నాలుగు ల్యాన్ రంధ్రాల్లో ఒకదాంట్లో పెట్టండి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. వ్యాన్‌లో పెడితే మళ్లీ వేరే వీధే.

ఇది అయ్యాక ప్రింటర్ ఆపి, మళ్లీ ఆన్ చేసి పేజీ ఇంకోసారి తీయండి. 192.168.1తో మొదలవ్వాలి.

జడ్చర్ల ఫైబర్ | శనివారం మధ్యాహ్నం 2:35

అన్న చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. 192.168.1.2 పెట్టేముందు ఫైబర్ డబ్బా ఆ నంబర్‌ని ఇంకెవరికీ ఇవ్వకుండా చూడండి. 192.168.1.1లో లాగిన్ అయి, డీహెచ్‌సీపీ రేంజ్ 10 నుంచి 200 వరకు పెట్టండి. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ డబ్బా వెనక స్టిక్కర్ మీద ఉంటాయి. లేకపోతే కేబుల్ అబ్బాయి ఇస్తాడు.

అక్కడే అడ్రస్ రిజర్వేషన్ అని ఉంటుంది. ప్రింటర్ పేజీలో మ్యాక్ అడ్రస్ అని, ఆ ప్రింటర్‌ని గుర్తుపట్టే పన్నెండు అక్షరాలు, అంకెలు జతజతలుగా ఉంటాయి. అది కొట్టి పక్కన 192.168.1.50 రాయండి. ఇక ఎన్నిసార్లు కరెంటు పోయి వచ్చినా ప్రింటర్‌కి అదే నంబర్ వస్తుంది. మన దగ్గర ఎండాకాలం కరెంటు సంగతి తెలిసిందే, ఈ పని చేయకపోతే నంబర్ మారిన ప్రతిసారీ ఆఫ్‌లైన్ చూడాలి.

మిర్యాలగూడ జిరాక్స్ అన్న | శనివారం మధ్యాహ్నం 3:00

ఆ నంబర్ ఖాయమయ్యాక లాప్‌టాప్‌లో పాత ప్రింటర్ ఎంట్రీలన్నీ తీసేయండి. ఇన్నిసార్లు ఇన్‌స్టాల్ చేశారు కాబట్టి 'కాపీ 1', 'కాపీ 2' అని మూడు నాలుగు ఉంటాయి. మీరు ఎప్పుడూ చచ్చినదానికే పంపుతూ ఉంటారు. తర్వాత ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌లో యాడ్ డివైస్ నొక్కండి. విండోస్ తనంతట తాను చూపించేదాన్ని ఎంచుకోకండి. కాసేపాగితే కింద 'యాడ్ మాన్యువల్లీ' వస్తుంది. అందులో ఐపీ అడ్రస్‌తో కలిపేది ఎంచుకుని 192.168.1.50 కొట్టండి.

విండోస్ తానుగా కలిపితే చాలాసార్లు డబ్ల్యూఎస్‌డీ అనే పోర్ట్ పెడుతుంది. అది ప్రింటర్‌ని ప్రతిసారీ వెతుక్కుంటుంది, దొరక్కపోతే ఆఫ్‌లైన్ అంటుంది. నంబర్‌తో కలిపితే వెతుకులాట లేదు, నేరుగా ఇంటి తలుపు తట్టినట్టు. మా షాపులో అన్నీ ఇలాగే కలిపాను.

వనపర్తి రిటైర్డ్ సార్ | శనివారం సాయంత్రం 4:20

బాబూ, ఇంటర్నెట్ బిల్లు కట్టక నెట్ ఆగిపోతే ప్రింటర్ కూడా ఆగుతుందా? మా మనవరాలు అడిగింది.

మిర్యాలగూడ జిరాక్స్ అన్న | శనివారం సాయంత్రం 4:31

ఆగదు సార్. రౌటర్‌కి కరెంటు ఉంటే చాలు. పేజీ మీ ఫోన్ నుంచి రౌటర్‌కి, అక్కడి నుంచి ప్రింటర్‌కి, ఇంట్లోనే తిరుగుతుంది. నెట్ కావాల్సింది కంపెనీ యాప్‌లో లాగిన్‌కి, బయటి ఊరి నుంచి పంపడానికి. అసలు రౌటరే లేకపోయినా చాలా ప్రింటర్లలో వైఫై డైరెక్ట్ ఉంటుంది, ఫోన్‌ని సూటిగా ప్రింటర్‌కే కలపొచ్చు.

దేవరకొండ డిగ్రీ స్టూడెంట్ | శనివారం సాయంత్రం 5:05

అన్నా, నాకు ఇప్పుడు 192.168 వచ్చింది, ప్రింట్ అవుతోంది. ఒక వీడియోలో రౌటర్‌లో పోర్ట్ 9100 (ప్రింటర్‌కి పేజీలు వెళ్లే దారి) ఓపెన్ చేస్తే హాస్టల్ నుంచి కూడా ఇంటి ప్రింటర్‌కి పంపొచ్చన్నారు. చేయనా?

జడ్చర్ల ఫైబర్ | శనివారం సాయంత్రం 5:12

వద్దు తమ్ముడూ, అసలొద్దు. ఆ పోర్ట్‌కి పాస్‌వర్డ్ ఉండదు. తెరిచావంటే లోకంలో ఎవరైనా నీ ప్రింటర్‌కి కాగితాలు పంపొచ్చు. ప్రింటర్ తయారీదారు యాప్‌లో ఈమెయిల్ లేదా రిమోట్ ప్రింట్ ఉంటే అది వాడుకో. ఇంకోటి, రౌటర్‌లో డబ్ల్యూపీఎస్ పిన్ (పాస్‌వర్డ్ బదులు పిన్ నంబర్‌తో వైఫైకి కలిపే పద్ధతి) ఆన్‌లో ఉంటే ఆపేయి. దానిలో లోపం ఉందని 2011లోనే బయటపడింది. బటన్ నొక్కి కలిపే పద్ధతి ఫర్వాలేదు, రెండు నిమిషాలే తెరిచి ఉంటుంది.

రామగిరి టీచరమ్మ, నల్లగొండ | ఆదివారం మధ్యాహ్నం 1:15

అన్నలూ, అయింది. మా అబ్బాయిని వీడియో కాల్‌లో ఉంచి నేనే చేశాను. పై రౌటర్‌లో ఆపరేషన్ మోడ్ లేదు, అన్న చెప్పిన రెండో పద్ధతిలోనే చేశాం. మొదట కేబుల్ అలవాటుగా ఆ నీలం రంధ్రంలోనే పెట్టాను. ప్రింటర్ పేజీ తీస్తే 169.254 అని వచ్చింది. అన్న రాసింది మళ్లీ చదివి పక్క రంధ్రంలోకి మార్చి, ప్రింటర్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే 192.168.1.14 వచ్చింది. రిజర్వేషన్ పెట్టాక 192.168.1.50. ఆ కాగితం మీద ఆ అంకెలు చూస్తే నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రెండు నెలలుగా పడ్డాను.

లాప్‌టాప్‌లో నిజంగానే నాలుగు పాత ఎంట్రీలు ఉన్నాయి. అన్నీ తీసేసి నంబర్‌తో కలిపాను. పదో తరగతి త్రికోణమితి పేపర్ 24 కాపీలు, 96 పేజీలు, ఒక్కసారి కూడా ఆగకుండా వచ్చాయి. బీరువా పక్క నుంచి డబ్బా మార్చడానికి కేబుల్ అబ్బాయి మంగళవారం వస్తానన్నాడు.

జడ్చర్ల ఫైబర్ | ఆదివారం మధ్యాహ్నం 1:40

చాలా సంతోషం మేడమ్. ఆ నెట్‌వర్క్ పేజీ పారేయకండి. ప్రింటర్ మూత లోపల అంటించి ఉంచండి, రేపు ఇంకెవరు వచ్చినా పనికొస్తుంది.

మిర్యాలగూడ జిరాక్స్ అన్న | ఆదివారం మధ్యాహ్నం 2:05

అమ్మా, ఒకసారి కరెంటు పోయి వచ్చాక ఎలా ఉందో చెప్పండి. అప్పటిదాకా నాకు నమ్మకం కుదరదు.

రామగిరి టీచరమ్మ, నల్లగొండ | ఆదివారం రాత్రి 8:50

ఏడింటికి గాలివానకి కరెంటు పోయింది. ఎనిమిదిన్నరకి వచ్చింది. పై రౌటర్ ఆన్‌లోనే ఉంది, నేను కింద ఉన్నాను. రౌటర్ లైట్లు నిలకడగా వచ్చేదాకా ఆగి ప్రింటర్ ఆన్ చేశాను. ముందు లాప్‌టాప్ నుంచి, తర్వాత ఫోన్ నుంచి ఒక్కో పేజీ పంపాను. రెండూ వచ్చాయి అన్నా.